కొత్వాలు వెంకటరామారెడ్డి

పాఠ్యభాగ సందర్భం

ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ చేసినప్పుడు అతనికి సన్మానం జరపడం మన సమాజంలో స్థిరపడిన ఆచారం. ఆ సన్మానంలో గౌరవం పొందుతున్నది మనిషా, పదవా అన్న ప్రశ్నను సామాన్యంగా ఎవరూ వేయరు. పాలమూరు సీమలో పుట్టి, హైదరాబాదు నగరానికి 14 సంవత్సరాలు కొత్వాలుగా పనిచేసి, 1934లో ఆ పదవి విడిచిన రాజా బహద్దరు వెంకటరామారెడ్డి జీవితం ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అచ్చంపేట వంటి ఊరిలో ఒక పోలీసు అధికారి పదవీ విరమణ చేస్తున్నాడంటే ఆ వార్త ఠాణా గోడల మధ్య ఆగదు. ఠాణా ఆవరణలో షామియానా వేస్తారు. వర్తకులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, చుట్టుపట్ల గ్రామాల పెద్దలు వస్తారు. నల్లమల అంచున ఉన్న పల్లెల నుండి, చెంచు పెంటల నుండి కూడా ఒకరిద్దరు వచ్చి వెనుక వరుసలో నిలబడతారు. పూలదండలు, శాలువా, జ్ఞాపిక, చివరగా పటం కట్టించిన సన్మానపత్రం. ఒకరు లేచి ఆ పత్రాన్ని గంభీరంగా చదువుతారు. కర్తవ్యదీక్షాపరులు, నిష్కళంక చరితులు, పేదల పెన్నిధి అన్న విశేషణాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సభ చప్పట్లు కొడుతుంది. కుటుంబంతో ఛాయాచిత్రం, ఆపైన భోజనాలు. మరునాడు ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటారు.

ఆ విశేషణాలలో అసత్యం ఉండకపోవచ్చు. లోపం మరొకచోట ఉంది. పేరు, తేదీ, ఊరు మార్చితే ఆ పత్రం ఏ అధికారికైనా సరిపోతుంది. అందరికీ సరిపోయే పొగడ్త ఎవరిని గురించీ ఏమీ చెప్పదు. ముప్పై అయిదేండ్లు ఒక మనిషి ఏ పని చేశాడో, ఏ పని చేయలేకపోయాడో, అతడు లేకుంటే ఆ ఊరిలో ఏది ఉండేది కాదో ఆ పత్రం వల్ల తెలియదు.

పొగడ్త మన సాహిత్యానికి కొత్త కాదు. శాసనాలలోని ప్రశస్తి, కావ్యావతారికలలోని కృతిపతి వర్ణన, ఉదాహరణ కావ్యాలు, చాటువులు అన్నీ పొగడ్తకు ఏర్పడిన రూపాలే. అచ్చంపేటకు సమీపాన నల్లమల కొండ చరియలో వెలసిన ఉమామహేశ్వర క్షేత్రంలో కాకతీయుల కాలపు శాసనాలున్నాయి. ఆ కాలపు దానశాసనం దేనిని పరిశీలించినా అందులో సాధారణంగా రెండు భాగాలు కనిపిస్తాయి. మొదటిది బిరుదావళి. దాత ఎంతటి వీరుడో, ఎవరెవరిని జయించాడో, ఏ చక్రవర్తి పాదపద్మాలకు తుమ్మెద వంటివాడో చెప్పే భాగమది. రెండవది దాన వివరం. ఏ దేవునికి, ఏ చెరువు వెనుక, ఎన్ని మర్తురుల భూమి, ఎవరి పుణ్యానికి ఇచ్చాడో, దాని హద్దులేమిటో అందులో ఉంటుంది. ఆ భూమిని అపహరించినవాడు అరవైవేల ఏండ్లు క్రిమియై పుడతాడన్న శాపంతో శాసనం ముగుస్తుంది. మొదటి భాగం శాసనకవి చేతికి అలవాటైన పాఠం. ఒక సామంతునికి చెక్కిన బిరుదు మరొక సామంతునికీ కనిపిస్తుంది. రెండవ భాగం మాత్రం ఆ ఒక్క దాతదే. ఆ చెరువు మరొకచోట లేదు. ఆ హద్దులు మరొకరివి కావు. ఏడెనిమిది వందల ఏండ్ల తరువాత చరిత్రకారుడు శ్రద్ధగా చదివేది ఆ రెండవ భాగాన్నే.

మన పూర్వులు ఈ భేదాన్ని ఎరిగినవారే. అందుకే సప్తసంతానాలన్న భావనను కల్పించుకొన్నారు. చెరువు, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, కుమారుడు – ఈ ఏడూ మనిషి పోయిన తరువాత కూడా అతని పేరు నిలిపే సంతానాలని వారి విశ్వాసం. ఈ ఏడింటిలో పదవి లేదు. బిరుదు కూడా లేదు. కడుపున పుట్టిన కుమారుడు ఆ వరుసలో ఒక్క స్థానమే పొందాడు; తక్కిన ఆరూ మనిషి తన చేతులతోనో, తన ధనంతోనో కల్పించి నలుగురికి విడిచిపోయేవి.

పోలీసు అధికారిని పొగడడంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనాలలో 'మహాతలవర' అన్న ఉద్యోగ నామం కనిపిస్తుంది. గ్రామాలకు కావలి కాసే 'తలారి' శబ్దానికి దానితో చుట్టరికం ఉన్నదని పండితుల అభిప్రాయం. మన ప్రాచీన కావ్యాలలో దొంగలను పట్టుకొనే 'ఆరెకులు' కూడా ఈ కోవలోనివారే. కోటను కాచేవాడన్న అర్థమిచ్చే 'కోట్టపాల' శబ్దం ఉత్తరాదిన 'కొత్వాల్'గా మారి, ముస్లిం ప్రభువుల పాలనతో దక్కనుకు వచ్చింది. పేరు ఏదైనా కావలివాని పని ఒక్కటే. అతని చేతిలో దండం ఉంటుంది. ఆ దండం దొంగను అదుపు చేస్తుంది, దొర చెప్పినప్పుడు దొంగ కానివానిని కూడా అదుపు చేస్తుంది. కాబట్టి తలారికైనా, కొత్వాలుకైనా జనం చేసే నమస్కారంలో గౌరవం ఎంతో, భయం ఎంతో తేల్చి చెప్పడం కష్టం. అధికారి కుర్చీలో ఉన్నంతకాలం ఆ రెండూ పాలు నీళ్ళవలె కలిసి ఉంటాయి. కుర్చీ దిగిన తరువాత భయం తొలగిపోతుంది. మిగిలింది ఎంత అన్నది అప్పుడు గాని తేలదు.

నిజాం రాజ్యంలో గ్రామానికి పోలీసు పటేలు, ఠాణాకు అమీను, జిల్లాకు మొహతమీం ఉండేవారు. హైదరాబాదు నగరానికి మాత్రం కొత్వాలు వేరుగా ఉండేవాడు. నేటి విద్యార్థులకు ఈ మాటలు కొత్త కావచ్చు గాని వారి ముత్తాతలు నిత్యం విన్నవే. కొత్వాలు నగర రక్షణకు బాధ్యుడు. రాజధానిలో ఏమి జరుగుతున్నదో, ఎవరు ఏమనుకొంటున్నారో ప్రభువుకు నేరుగా నివేదించగల స్థానం అతనిది. ప్రధానామాత్యులు సైతం కొత్వాలు మాటను తేలికగా తీసివేయగలిగేవారు కారు. జనం దృష్టిలో అతడు నిజాంకు కన్నూ, చెవీ, చెయ్యీ కూడా. ఆసఫ్‌జాహీల పాలనలో ఆ స్థానాన్ని పొందిన తొలి హిందువుగా చరిత్రకారులు వెంకటరామారెడ్డిని పేర్కొంటారు.

వెంకటరామారెడ్డి 1869 ఆగస్టు 22వ తేదీన వనపర్తి ప్రాంతంలోని రాయణిపేటలో జన్మించారు. ఆ ప్రాంతం 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. జిల్లాల పునర్విభజన తరువాత వనపర్తి జిల్లాలో చేరింది. అచ్చంపేట అదే పునర్విభజనలో నాగర్‌కర్నూలు జిల్లాకు వచ్చింది. అంతకుముందు ఈ రెండు ప్రాంతాలనూ కలిపి పాలమూరుగానే జనం వ్యవహరించారు. ఇప్పటికీ ఆ మాట పోలేదు. రాళ్ళనేల, వానమీద ఆధారపడిన సేద్యం, చిన్న పెద్ద సంస్థానాల ఏలుబడి – ఇదీ ఆనాటి పాలమూరు. వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాల ఆస్థానాలలో సంస్కృతాంధ్ర పండితులకు ఆదరణ లభించింది గాని పల్లెలో పుట్టిన బాలునికి బడి చదువు సులభంగా దొరికేది కాదు.

నిజాం రాజ్యంలో పారసీకి బదులు ఉర్దూ అధికార భాష అయింది 1884లో. రెండేండ్ల తరువాత, 1886లో, వెంకటరామారెడ్డి రాయచూరు ప్రాంతంలోని ముద్గల్లులో పోలీసు అమీనుగా ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయన వయస్సు 17 సంవత్సరాలు. ఇంటి భాష తెలుగు. కొలువు భాష ఉర్దూ. పనిచేసే చోట జనభాష కన్నడం. మరాఠీ జిల్లాల వ్యవహారం మరొక వైపు. ఉర్దూ, పారసీ, కన్నడం, మరాఠీ భాషలలో ఆయనకు కలిగిన పరిచయం గ్రంథాల ముందు కూర్చొని సంపాదించినదాని కంటే ఠాణా గుమ్మంలో ఫిర్యాదులు వింటూ సంపాదించినదే ఎక్కువని ఊహించవచ్చు. ఫిర్యాదు చేయవచ్చినవాడు తన భాషలో ఏడుస్తాడు. ఆ భాష తెలియని అధికారి ముందు ఆ ఏడుపు మరొకరి నోట కాగితంమీదికి ఎక్కుతుంది. నిజాం రాజ్యంలో ఎన్ని అన్యాయాలు ఈ సందున జరిగాయో లెక్క లేదు.

ఆ తరువాతి ఉద్యోగ జీవితాన్ని విస్తరించి చెప్పనవసరం లేదు. జిల్లాలలో మొహతమీంగా పనిచేశారు. కొంతకాలం వనపర్తి సంస్థాన వ్యవహారాలు చూశారు. నగరానికి వచ్చి నాయబు కొత్వాలయ్యారు. 1920లో కొత్వాలు పదవిని చేపట్టారు. అప్పటి ప్రభువు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. మరుసటి సంవత్సరమే, 1921లో, నిజాం ఆయనకు 'రాజా బహద్దరు' బిరుదునిచ్చారు. 1922లో బ్రిటిషు యువరాజు హైదరాబాదుకు వచ్చినప్పుడు నగర రక్షణ భారమంతా కొత్వాలుపై పడింది. అంతకు కొద్ది నెలల ముందు ఆ యువరాజు బొంబాయిలో దిగిన రోజుననే అక్కడ అల్లర్లు చెలరేగి ఉన్నందున ఆ భారం సామాన్యమైనది కాదు. 1931లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు 'ఓ.బి.ఇ.' గౌరవాన్ని ప్రకటించింది. 65వ ఏట, 1934లో, కొత్వాలు పదవి నుండి విరమించారు. అమీనుగా చేరిన నాటి నుండి లెక్కిస్తే 48 సంవత్సరాల సేవ.

ఇంతవరకు చెప్పినదంతా శాసనంలోని మొదటి భాగం వంటిది. బిరుదులున్నాయి, తేదీలున్నాయి. సన్మానపత్రం రాసేవాడు ఇక్కడ ఆగినా సభ చప్పట్లు కొడుతుంది.

ఆయన కొలువు చేసిన పాలన ఎటువంటిదో కూడా విద్యార్థులు మరువరాదు. అది ప్రజలెన్నుకొన్న ప్రభుత్వం కాదు. సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవలసిన రాజ్యం అది. గస్తీ నిశాన్ 53గా పేరుపడిన ఉత్తర్వు ఇందుకు నిదర్శనం. గ్రంథాలయం స్థాపించినా, పాఠశాల తెరచినా అనుమానించే రోజులవి. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో ప్రసంగించడానికి లేవగానే సభలోని కొందరు హేళన చేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది క్రమంగా నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా పెరిగి 1930లో జోగిపేటలో, 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగరులో సమావేశాలు జరిపింది. ఒక్క విషయం ఇక్కడ గమనింపదగినది. నిండు సభలో తెలుగు మాట నవ్వులపాలైన ఆ 1921లో, ఆ నగర రక్షణాధికారి పాలమూరు తెలుగువాడే. అదే సంవత్సరం ఆయనకు బిరుదు వచ్చింది. భాషకు అవమానం, ఆ భాషీయునికి సన్మానం ఒక్క ఏడాదిలో ఒక్క నగరంలో జరిగాయి.

వెంకటరామారెడ్డి ఉద్యమకారుడు కారు. నిజాంను ధిక్కరించలేదు, ధిక్కరించాలని కోరుకొన్నట్లూ కనిపించదు. ఆయన ప్రభుభక్తి పరాయణుడు. నేటి అభిమానంతో ఆయనను స్వాతంత్ర్యయోధుల వరుసలో కూర్చోబెట్టడం ఆయనకూ న్యాయం కాదు, ఆ యోధులకూ న్యాయం కాదు. దండం చేతిలో ఉన్న ఒక మనిషి, ఆ దండాన్ని ఇచ్చిన ప్రభువును కాదనకుండానే, తన పలుకుబడిని ఎటు మళ్ళించాడన్నదే ఇక్కడ తెలుసుకోవలసింది.

కొత్వాలు కాకముందే, 1918లో, ఆయన పూనికతో హైదరాబాదులో రెడ్డి హాస్టలు ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైనదీ ఆ సంవత్సరమే. భారతీయ భాషలో ఉన్నత విద్య గరపడానికి పూనుకొన్న ఆ విశ్వవిద్యాలయం ఎంచుకొన్న భాష ఉర్దూ. తెలంగాణ పల్లెల బాలునికి పట్నం చదువు ఆశ పుట్టించింది; కాని ఆ చదువు తన భాషలో లేదు, తన ఊరిలో లేదు. అచ్చంపేట, అమ్రాబాదు, కొల్లాపురం ప్రాంతాల నుండి బయలుదేరితే ముందు ఎడ్లబండి ప్రయాణం, తరువాత రైలు. సికింద్రాబాదు నుండి మహబూబ్‌నగరం మీదుగా గద్వాలకు రైలుమార్గం 1916లో ఏర్పడింది. రైలు బాలుని పట్నం చేర్చగలదు, అంతే. దిగిన తరువాత ఎవరి ఇంట ఉండాలి, ఎక్కడ తినాలి, రాత్రి ఏ దీపం ముందు చదవాలి? ఎరిగిన ఇల్లు ఒక్కటి కూడా లేనందువల్ల చదువు మానుకొని తిరిగి వెళ్ళిన పిల్లలు ఎందరో. విద్యను గూర్చిన ఉపన్యాసాలలో విశ్వవిద్యాలయాల పేర్లు వినిపించినంతగా భోజనశాలల పేర్లు వినిపించవు. పేద, మధ్యతరగతి విద్యార్థి చదువు నిలిచేది చాలావరకు ఆ భోజనశాల మీదనే.

పోలీసు అధికారికి ఈ విషయం తట్టడం వింత కాదు. జిల్లాలన్నీ తిరిగినవాడు, ఎవరి ఇంట ఎంత ఉన్నదో, ఎవరి పిల్లవాడు ఎందుకు చదువు మానివేశాడో ఎరిగినవాడు. అంతకంటే ముఖ్యం, ఆయన అడిగితే కాదనడం కష్టం. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు విరాళాలిచ్చారు. వారిలో విద్యాభిమానంతో ఇచ్చినవారు ఎందరో, పోలీసు అధికారి మాట కాదనలేక ఇచ్చినవారు ఎందరో ఎవరు చెప్పగలరు? దండానికి ఉన్న భయాన్ని అన్నంగా మార్చిన పని అది అనుకోవచ్చు. ఆ విరాళాల సొమ్ము వెనుక శిస్తు కట్టిన రైతు, వెట్టి చేసిన కూలి ఉన్నారన్న మాట కూడా నిజమే. తరువాతి కాలంలో తెలంగాణ రైతులు తిరగబడినది ఆ దేశ్‌ముఖీ వ్యవస్థ మీదనే.

ఈ వసతిగృహం ఒక కులం పేరుతో వెలసింది. దానిని దాచవలసిన పని లేదు, గర్వించవలసిన పనీ లేదు. ఆనాటి సమాజంలో విరాళం కులం మార్గాన వచ్చేది. కాబట్టి వసతిగృహాలూ కులాల పేర్లతోనే లేచాయి. కాని ఎవరి వెనుక సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు లేరో ఆ పిల్లల గతి ఏమిటి? అదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ దళితుల పిల్లల కోసం పాఠశాలలు నడిపారు. వారికి ధనబలం లేదు, కొత్వాలు పలుకుబడి లేదు. ఆనాటి విద్యావ్యాప్తి కథను ఒక్క వసతిగృహంతో ముగించితే సగమే చెప్పినట్లు.

అయినా ఆ వసతిగృహం తన పేరు గీసిన గీత లోపల ఉండిపోలేదు. 1924 ప్రాంతంలో దాని నిర్వహణ బాధ్యత సురవరం ప్రతాపరెడ్డికి అప్పగించారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర కర్తగా విద్యార్థులకు పరిచితులైన ఆ ప్రతాపరెడ్డి కూడా పాలమూరు జిల్లావారే. ఆయన చేతిలో వసతిగృహం భోజనశాలగా మాత్రమే మిగలక గ్రంథాలయంగా, చర్చావేదికగా మారింది. 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. పత్రికకు కొత్వాలు ప్రోత్సాహం లభించింది. పత్రికలో వచ్చిన రాతలు పాలకులకు ఎప్పుడూ ప్రీతికరంగా లేవు. నగర రక్షణాధికారి అండ పొందిన పత్రిక రాజ్యంలోని లోపాలను ఎత్తిచూపడం ఆ కాలపు విచిత్రాలలో ఒకటి. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో ఆరంభమైన ఆంధ్ర బాలికా పాఠశాలకు కూడా వెంకటరామారెడ్డి సహకారం అందింది. ఆ పాఠశాల తెలుగు మాధ్యమంలో నడిచేది. అందువల్ల రాజ్యంలోని విశ్వవిద్యాలయం గుర్తింపు దొరకక పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. తన ఊరి పిల్లకు తన భాషలో చదువు చెప్పడానికి పరాయి రాష్ట్రపు అనుమతి కావలసిన రోజులవి.

వెంకటరామారెడ్డి పదవీ విరమణ చేసిన 1934వ సంవత్సరమే గోలకొండ కవుల సంచిక వెలువడింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు బదులుగా 354 మంది కవుల రచనలతో ప్రతాపరెడ్డి ఆ సంచికను ప్రకటించారు. ఒకవైపు నగర కొత్వాలు దండం దించి ఇంటికి వెళుతున్నాడు. మరొకవైపు ఆయన ప్రోత్సహించిన పత్రిక తన ప్రాంతపు సాహిత్యానికి పెద్ద పటం కట్టి నిలబెట్టింది. సంవత్సరాలు ఒక్కటి కావడం యాదృచ్ఛికమే. కాని కొత్వాలుకు దక్కిన సన్మానాలలో దీనిని కూడా చేర్చి చెప్పడం తప్పు కాదు.

నిజాం ఆయనను పూర్తిగా విడిచిపెట్టలేదు. తన సొంత భూముల వ్యవహారం చూచే సర్ఫెఖాస్ శాఖలో ప్రత్యేకాధికారిగా నియమించుకొన్నారు. ప్రభువు విశ్వాసానికి అది చిహ్నం. ప్రజల వైపు నుండి వచ్చిన చిహ్నం మరొక రూపంలో ఉన్నది. 1939లో, ఆయన డెబ్బదవ ఏట, సురవరం ప్రతాపరెడ్డి ఆయన జీవితచరిత్రను గ్రంథంగా రచించారు. కొత్వాలు పదవి విడిచి అప్పటికి అయిదేండ్లు. ఆయన పలుకుబడి పూర్తిగా పోయిందని చెప్పలేము గాని, నగరంలో ఎవరినైనా పట్టించగల చేయి మాత్రం అది కాదు. పైగా రచయిత అధికారులకు తలవంచే స్వభావం కలవాడు కాదు. ఆయన పత్రికే అందుకు సాక్షి. అటువంటివాడు అటువంటి సమయంలో ఒక మాజీ పోలీసు అధికారి మీద గ్రంథం రాయడానికి కూర్చున్నాడు. సప్తసంతానాలలో కృతి ఒకటి. పూర్వం కృతి పొందాలంటే రాజు కవికి అగ్రహారమివ్వవలసి వచ్చేది. ఇక్కడ ఇచ్చినది అగ్రహారం కాదు. పిల్లలు చదువుకొనే ఒక ఇల్లు.

ఆ ఇంటిలో మరొక సంతానం కూడా కలిగింది. 1943 మే 26న రెడ్డి హాస్టలు ప్రాంగణంలోనే నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు అవతరించింది. తెలుగు పరీక్షలు నిర్వహించి, ఊరూరా తెలుగు చదువును వ్యాపింపజేసిన సంస్థ అది. 22 సంవత్సరాల క్రితం తెలుగు మాట హేళనకు గురైన నగరంలో ఇది జరిగింది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమైంది. బిరుదులిచ్చే ప్రభువూ పోయాడు, కొత్వాలన్న హోదా పేరూ పోయి పోలీసు కమిషనరన్న పేరు వచ్చింది. 1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వంలో కలిసిపోయాయి. 1952 ఎన్నికలలో సురవరం ప్రతాపరెడ్డి వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 జనవరి 25న వెంకటరామారెడ్డి, ఆగస్టు 25న ప్రతాపరెడ్డి కన్నుమూశారు. సరిగ్గా ఏడు నెలల తేడా.

1954లో నారాయణగూడలో స్థాపించిన మహిళా కళాశాలకు రాజా బహద్దరు వెంకటరామారెడ్డి పేరు పెట్టారు. ఆ నారాయణగూడ చౌరస్తాలో ఆయన విగ్రహం ఉన్నది. పోలీసు అధికారి విగ్రహం ఆడపిల్లల కళాశాలకు దగ్గరలో ఉండడం వింతగా తోచవచ్చు. ఆయన చేసిన పని తెలిసినవారికి వింతగా తోచదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత హిమాయత్‌సాగరం వద్ద ఉన్న రాష్ట్ర పోలీసు అకాడమీకి కూడా ఆయన పేరే పెట్టారు. ఎస్సైలుగా ఎంపికైన యువతీయువకులు అక్కడ శిక్షణ పొందుతారు. అమీను అన్న పదవికి నేటి పేరు అదే. వారిలో పాలమూరు పల్లెల నుండి వచ్చినవారూ ఉంటారు. వసతిగృహంలో ఉండి చదువుకొని, ఆ కొలువుకు వచ్చినవారూ ఉంటారు.

అభ్యాసం

1. శాసనాలలోని బిరుదావళికి, దాన వివరానికి గల భేదాన్ని రచయిత ఏ ప్రయోజనం కోసం చెప్పారో వివరించండి.

2. "భాషకు అవమానం, ఆ భాషీయునికి సన్మానం ఒక్క ఏడాదిలో ఒక్క నగరంలో జరిగాయి." – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.

3. కులం పేరుతో వెలసిన వసతిగృహాలను గూర్చి పాఠంలో వ్యక్తమైన అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.

4. మీ ఊరిలో పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగికి సన్మానపత్రం రాయండి. ఆ వ్యక్తికి తప్ప మరెవరికీ సరిపోని విషయాలు కనీసం మూడు అందులో ఉండాలి.